ఏ స్క్రీన్ రీడర్ నేర్చుకోవాలి? ఎన్‌వీడీఏ, జాస్, నారేటర్, ఓర్కా, వాయిస్‌ఓవర్ల పోలిక

చూపు లేనివారు, చూపు తగ్గిపోతున్నవారు కంప్యూటర్ నేర్చుకోవాలని అనుకోగానే, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ ఏది వాడాలన్న దానిపై తలా ఒక సలహా వచ్చి పడుతుంది. జాస్ రాకపోతే ఉద్యోగం దొరకదని ఒకరంటారు. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుండగా డబ్బు తగలేయడం ఎందుకని మరొకరంటారు. విండోస్‌లోనే నారేటర్ ఉంది కదా, వేరే ఏదీ అక్కర్లేదని ఇంకొకరు తేల్చేస్తారు. ముగ్గురూ తమ అనుభవం చెబుతున్నారు కాబట్టి ఎవరి మాటా అబద్ధం కాదు. కానీ మీ అవసరం వాళ్ల అవసరంలాంటిదే అయి ఉండాలని లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. విండోస్ కంప్యూటర్ మీద కొత్తగా మొదలుపెడుతున్న తెలుగువారు ఎన్‌వీడీఏతో మొదలుపెట్టాలి. ఏది వాడినా సరే, నారేటర్‌ను ఆన్ చేయడం, ఆపడం, దానితో ఒక పని గట్టెక్కించడం ప్రతి ఒక్కరికీ వచ్చి ఉండాలి. ఆఫీసు కొనిస్తేనో, మీ ఉద్యోగంలో వాడే సాఫ్ట్‌వేర్ దానితోనే సరిగ్గా పలుకుతుందని రుజువైతేనో జాస్ తీసుకోండి. మీ చేతిలో ఇప్పటికే ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్ ఉంటే వాయిస్‌ఓవర్, విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటే ఓర్కా. స్క్రీన్ రీడర్ కోసమే మ్యాక్ కొనాల్సిన పనిలేదు, లినక్స్‌కు మారాల్సిన పనీ లేదు.

ముందు విండోస్ కీలు

ఎంపిక గురించి బెంగ పడేవారికి మొదట చెప్పాల్సిన సంగతి ఇది. డెస్క్‌టాప్ మీద కీబోర్డుతో తిరగడానికి వాడే కీలలో చాలా వరకు విండోస్‌వే. ఆ కీలు నొక్కినప్పుడు తెర మీద జరిగినదాన్ని పైకి చదివి వినిపించడమే స్క్రీన్ రీడర్ పని. అందుకే ఈ కీలు ఒకసారి చేతికి అలవాటైతే స్క్రీన్ రీడర్ మారినా అవి మీతోనే ఉంటాయి.

ఒక చిన్న పని తీసుకుందాం. డెస్క్‌టాప్ మీద రెజ్యూమే అనే ఫైలు ఉంది, దాన్ని తెరవాలి. విండోస్ కీ పట్టుకుని డి నొక్కితే తెరిచి ఉన్నవన్నీ తప్పుకుని డెస్క్‌టాప్ వస్తుంది. స్క్రీన్ రీడర్ "డెస్క్‌టాప్ లిస్ట్, రీసైకిల్ బిన్, 1 ఆఫ్ 14" అన్నట్టుగా పలుకుతుంది. ఈ ఒక్క మాటలో మూడు కబుర్లున్నాయి: మీరు ఎక్కడున్నారు, దేని మీద ఉన్నారు, మొత్తం ఎన్నింటిలో అది ఎన్నోది. చివరి అంకెలను కొత్తవారు పట్టించుకోరు. చూపు ఉన్నవారు తెరను ఒక్కసారి చూసి తెలుసుకునే విషయాన్ని మీకు అందిస్తున్నవి ఆ అంకెలే. పద్నాలుగు ఐకాన్లున్నాయని తెలిస్తే బాణాలతో ఒక్కొక్కటే వినుకుంటూ పోవచ్చు. నలభై ఉన్నాయని తెలిస్తే ఆర్ అక్షరం నొక్కండి, ఆర్‌తో మొదలయ్యే మొదటిదాని మీదికి వెళ్తారు. ఆర్, ఇ, ఎస్ అని ఆగకుండా టైపు చేస్తే నేరుగా రెజ్యూమే మీదే వాలతారు. ఎంటర్ నొక్కితే ఫైలు తెరుచుకుంటుంది. పేరు మార్చాలంటే ఎఫ్2, దాని వివరాలు కావాలంటే ఆల్ట్+ఎంటర్, మౌసుతో రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూ కావాలంటే షిఫ్ట్+ఎఫ్10.

తెర అడుగున ఉండే టాస్క్‌బార్‌కు విండోస్+టి. గడియారం, వైఫై, బ్యాటరీ ఉండే మూలకు విండోస్+బి. తెరిచి ఉన్న ప్రోగ్రాముల మధ్య తిరగడానికి ఆల్ట్+ట్యాబ్. ఒకే ప్రోగ్రాంలో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి దూకడానికి చాలాచోట్ల ఎఫ్6. కొత్త ప్రోగ్రాం కావాలంటే మెనూల్లో వెతుక్కోవడం ఎందుకు, విండోస్ కీ ఒకసారి నొక్కి వదిలి దాని పేరు టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఇవన్నీ ఎన్‌వీడీఏలో ఎలా పనిచేస్తాయో జాస్‌లోనూ నారేటర్‌లోనూ అలాగే పనిచేస్తాయి.

స్క్రీన్ రీడర్ సొంత ఆదేశాలు వేరు. వాటికి ఒక ప్రత్యేక కీ ఉంటుంది. మూడింటిలోనూ అది మామూలుగా ఇన్సర్ట్ కీయే, కావాలంటే క్యాప్స్ లాక్‌నూ పెట్టుకోవచ్చు. ఆ కీ పట్టుకుని టి నొక్కితే మూడూ కిటికీ శీర్షిక చదువుతాయి. ఆ కీతో కింది బాణం నొక్కితే అక్కడి నుంచి ఆగకుండా చదువుకుంటూ పోతాయి. ఆ కీతో 1 నొక్కితే అభ్యాసం మొదలవుతుంది: అప్పుడు ఏ కీ నొక్కినా ఆ పని జరగదు, ఆ కీ పేరు, దాని పని మాత్రమే వినిపిస్తాయి. కొత్తవారు మొదటి వారమంతా ఈ అభ్యాసంలోనే ఎక్కువ సేపు గడపాలని నేను గట్టిగా చెబుతాను. కీబోర్డు మీద వేళ్లు కుదిరేది అక్కడే. గొంతు ఆపాలంటే అన్నింటిలోనూ కంట్రోల్ ఒక్కటే చాలు.

ఎన్‌వీడీఏ

ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో దీన్ని మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే వచ్చి కలిశారు. ఇద్దరూ చూపు లేనివారే, చిన్నప్పటి స్నేహితులు. స్క్రీన్ రీడర్ కొనలేక చూపు లేనివారు కంప్యూటర్‌కు దూరమవుతున్నారన్న బాధలోంచి పుట్టిన పని ఇది. నేటికీ ఉచితం, దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత కూడా అందరికీ తెరిచే ఉంది. ఉచితం కాబట్టి నాసిరకం అన్న అనుమానం ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని వదిలేయండి. వర్డ్, ఎక్సెల్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, మెయిల్, ఫైళ్ల పని వంటి రోజువారీ పనులన్నీ ఇది హాయిగా చేయిస్తుంది. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని పనిచేసే అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ 2023 చివర, 2024 మొదట్లో స్క్రీన్ రీడర్ వాడేవారితో జరిపిన సర్వేలో ప్రధానంగా జాస్ వాడతామన్నవారు 40.5 శాతం, ఎన్‌వీడీఏ వాడతామన్నవారు 37.7 శాతం. ఆసియా దేశాలవారిలో మాత్రం ఎన్‌వీడీఏదే పైచేయి.

మన పరిస్థితుల్లో దీనికి ఉన్న అసలు బలం పెన్‌డ్రైవ్. ఎన్‌వీడీఏ మెనూలో టూల్స్ కింద పోర్టబుల్ కాపీ తయారు చేసుకునే వీలుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ సెంటర్లో, కాలేజీ ల్యాబ్‌లో, స్నేహితుడి లాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. మీ గొంతు, మీ వేగం, మీ అమరికలు అన్నీ మీ జేబులోనే ఉంటాయి. దీనికి ఒక హద్దు ఉంది. కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే తెరను గానీ, ప్రోగ్రాంకు అనుమతి ఇస్తారా అని విండోస్ అడిగే తెరను గానీ పోర్టబుల్ కాపీ చదవలేదు. అలాంటి చోట నారేటర్‌ను పిలవాలి. సొంత కంప్యూటర్‌లో పూర్తిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు, లాగిన్ తెర దగ్గరి నుంచే మాట్లాడుతుంది.

పాత కంప్యూటర్ ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. 2024.1 వెర్షన్ నుంచి ఎన్‌వీడీఏ విండోస్ 7 మీద నడవదు. అలాంటి కంప్యూటర్‌కు 2023.3 శ్రేణి దించుకోవాలి.

ఇంట్లో చూపు ఉన్నవారు సాయం చేస్తుంటే టూల్స్ మెనూలోని స్పీచ్ వ్యూయర్ తెరిచి పెట్టమనండి. ఎన్‌వీడీఏ పలికే ప్రతి మాటా ఒక చిన్న కిటికీలో అక్షరాలుగా కనిపిస్తుంది. ఆ వేగపు గొంతు అర్థంకాక పక్కన కూర్చుని తికమకపడే అమ్మానాన్నలకూ టీచర్లకూ ఇది చాలా ఉపయోగపడుతుంది. దానికి పూర్తిగా వ్యతిరేకమైన సదుపాయమూ ఉంది. స్క్రీన్ కర్టెన్ వేస్తే తెర నల్లగా అయిపోతుంది, మీకు మాత్రం అంతా వినిపిస్తూనే ఉంటుంది. బస్సులోనో ఆఫీసులోనో బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు వెనక నుంచి ఎవరు చూస్తున్నారోనన్న దిగులు ఉండదు.

లాప్‌టాప్ వాడేవారు మొదటి రోజే ఒక మార్పు చేసుకోవాలి. ఎన్‌వీడీఏ మొదట డెస్క్‌టాప్ అమరికలో ఉంటుంది, అందులోని చాలా ఆదేశాలకు కుడివైపు అంకెల కీలు కావాలి. చిన్న లాప్‌టాప్‌లలో అవి ఉండవు. అందుకే కీబోర్డు సెట్టింగుల్లో లాప్‌టాప్ అమరికకు మారి, క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోండి. అప్పుడు ఆగకుండా చదివించే ఆదేశం ఎన్‌వీడీఏ కీ+ఎ అవుతుంది. క్యాప్స్ లాక్‌ను దాని అసలు పనికి వాడాలంటే వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే సరి.

జాస్

టెడ్ హెంటర్ ఒకప్పుడు మోటార్‌సైకిల్ పందేల రైడర్. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. ఆయన స్థాపించిన కంపెనీ 1989లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం జాస్‌ను తెచ్చింది, 1995లో విండోస్ వెర్షన్ వచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా ఆఫీసుల అవసరాల చుట్టూ పెరిగిన సాఫ్ట్‌వేర్ ఇది. అదే దాని గొప్పతనం, దాని ఖరీదుకు కారణమూ అదే.

జాస్ అసలు బలం స్క్రిప్టులు, అంటే ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎలా చదవాలో జాస్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములు. ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో బటన్లకు పేర్లు లేకపోతే, తెర మీద మారే అంకెను స్క్రీన్ రీడర్ పట్టుకోలేకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ కోసమే ప్రత్యేకంగా స్క్రిప్టు రాయించవచ్చు. కాల్ సెంటర్లో, బ్యాంకులో, పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో రోజుకు ఎనిమిది గంటలు పనిచేయాల్సిన ఉద్యోగికి ఈ ఒక్క కారణం చాలు. ఎన్‌వీడీఏకూ విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు, యాడ్‌ఆన్లున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ కంపెనీ లోపల మాత్రమే వాడే సాఫ్ట్‌వేర్‌కు ఒప్పందం రాసుకుని, బాధ్యత తీసుకుని పనిచేసిపెట్టే ఏర్పాట్లు జాస్ చుట్టూ ఎక్కువ. మొదటి నుంచీ దానితోనే అలవాటైన సీనియర్లు, శిక్షకులు కూడా చాలామందే ఉన్నారు.

లైసెన్సు లేకపోయినా జాస్ దించుకుని వాడి చూడవచ్చు. ఒకసారికి 40 నిమిషాలు నడుస్తుంది, మళ్లీ కావాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. కొనే ముందు సరిచూసుకోవడానికి ఇది మంచి వెసులుబాటు. ఏడాదంతా ఇలాగే నెట్టుకొస్తూ నేర్చుకునేవారికి మాత్రం ఆ పద్ధతి మానుకోమనే చెబుతాను. సగం పనిలో గొంతు ఆగిపోయే కంప్యూటర్ మీద ఎవరికీ ధీమా రాదు. ఆ ఏడాది ఎన్‌వీడీఏతో స్వేచ్ఛగా పనిచేస్తే ఎంతో ముందుకు పోతారు. ఉద్యోగంలో చేరేవారు జాస్ కావాలనుకుంటే సొంత డబ్బుతో కొనే ముందు సంస్థను అడగండి. పనికి కావలసిన పరికరం అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

నారేటర్

ఇది విండోస్ 2000 నుంచి విండోస్‌తోపాటే వస్తోంది. పాత రోజుల్లో దీని పని ఎన్‌వీడీఏను దించుకునే వరకే అని అందరూ చెప్పుకునేవారు. విండోస్ 10, 11లలో చాలా మెరుగుపడింది. శీర్షికల మీదుగా దూకడం, ఫారాలు నింపడం, మెయిల్ చదవడం బాగానే జరుగుతాయి. విండోస్ 11లో దీని ఇంగ్లీషు గొంతులు మనిషి గొంతుకు చాలా దగ్గరగా ఉంటాయి.

అయినా రోజంతా పనికి నేను దీన్ని సిఫార్సు చేయను. ఎన్‌వీడీఏ, జాస్‌లకున్నన్ని యాడ్‌ఆన్లు, స్క్రిప్టులు దీనికి లేవు కాబట్టి ఏదైనా చోట చిక్కుకుంటే చాలాసార్లు అక్కడితో ఆగిపోవాల్సిందే. దీని విలువ మరొకచోట ఉంది. కంట్రోల్, విండోస్ కీ, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే ప్రపంచంలో ఏ విండోస్ 10, 11 కంప్యూటరైనా మాట్లాడటం మొదలుపెడుతుంది. లాగిన్ తెర దగ్గర కూడా, విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు కూడా. ఎన్‌వీడీఏ పాడైతే దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేకుండా చేసేది ఇదే. ఆ మూడు కీలు కంఠతా రావాలి. పని అయ్యాక అవే కీలతో ఆపేయాలి, లేకపోతే రెండు స్క్రీన్ రీడర్లు ఒకేసారి మాట్లాడి ఏదీ అర్థం కాదు. ఎన్‌వీడీఏను ఆపడానికి ఎన్‌వీడీఏ కీ+క్యూ, జాస్‌ను ఆపడానికి ఇన్సర్ట్+ఎఫ్4.

వెబ్ పేజీల్లో తేడాలు

డెస్క్‌టాప్ మీద మూడూ ఒకేలా అనిపిస్తాయి. వెబ్ పేజీలోకి అడుగుపెట్టాక తేడాలు మొదలవుతాయి. అక్కడ అక్షరాల కీలే దారి చూపే కీలు. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, 1 నుంచి 6 వరకు అంకెలు నొక్కితే ఆ స్థాయి శీర్షిక, బి నొక్కితే బటన్, ఇ నొక్కితే టైపు చేసే పెట్టె, టి నొక్కితే పట్టిక. ఇవి మూడింటిలోనూ ఒకటే. ఎన్‌వీడీఏ, నారేటర్లలో కె నొక్కితే లింకు, జాస్‌లో ఆ పని కె చేయదు. ఇన్సర్ట్+ఎఫ్7 నొక్కితే జాస్, నారేటర్లు లింకుల జాబితా ఇస్తాయి. ఎన్‌వీడీఏ ఇచ్చే జాబితాలో లింకులూ శీర్షికలూ బటన్లూ అన్నీ విడివిడిగా చూసుకోవచ్చు. ఈ విషయంలో నాకు ఎన్‌వీడీఏ పద్ధతే నచ్చుతుంది, ఒక్క కీ గుర్తుంటే చాలు.

ట్యాబ్ నొక్కుకుంటూ పేజీ అంతా తిరగడం కొత్తవారికి మొదట పట్టే అలవాటు, దాన్ని త్వరగా వదిలించుకోవాలి. ట్యాబ్ లింకుల మీద, బటన్ల మీద, నింపే పెట్టెల మీద మాత్రమే ఆగుతుంది, వాటి మధ్యలో ఉన్న అసలు సమాచారం దాటిపోతుంది. వార్తల సైటులో హెచ్ నొక్కుకుంటూ పోతే శీర్షికలన్నీ నిమిషంలో వినవచ్చు. పైన చెప్పిన వెబ్‌ఎయిమ్ సర్వేలో కూడా పొడవైన పేజీలో వెతకడానికి మొదట శీర్షికలనే పట్టుకుంటామన్నవారు పదిమందిలో ఏడుగురు.

ఫారం నింపేటప్పుడు కొత్తవారిని బాగా కంగారు పెట్టేది ఒకటుంది. పేరు అడిగే పెట్టె దగ్గరకు వచ్చి భాస్కర్ అని ఇంగ్లీషులో టైపు చేయబోతారు. బి నొక్కగానే ఎక్కడో ఉన్న బటన్ మీదికి దూకుతుంది, తర్వాతి హెచ్‌కు ఇంకెక్కడో శీర్షిక మీదికి పోతుంది. కంప్యూటర్ చెడిపోయిందనుకుంటారు. అది చదివే దశలో ఉంది, టైపు చేసే దశలోకి తేవాలి. పెట్టె మీద ఎంటర్ నొక్కితే మూడింటిలోనూ మారుతుంది. ఎన్‌వీడీఏ అయితే ఎన్‌వీడీఏ కీ+స్పేస్‌తో అటూ ఇటూ మారుతూ, మారినప్పుడల్లా ఒక చిన్న శబ్దం చేస్తుంది. ఆ రెండు శబ్దాల తేడాను చెవి పట్టుకుంటే సగం కష్టం తీరినట్టే. జాస్‌లో దశ తనంతట తానే మారేలా కూడా ఉంటుంది. హాయిగానే ఉంటుంది కానీ, ఎప్పుడు మారిందో గమనించడం నేర్చుకోవాలి. నారేటర్‌లో దీని పేరు స్కాన్ మోడ్, నారేటర్ కీ+స్పేస్‌తో మారుతుంది.

దరఖాస్తుల సైట్లలో వాడుతున్నది మనిషేనా అని తేల్చుకోవడానికి పెట్టే కాప్చా బొమ్మను మాత్రం ఏ స్క్రీన్ రీడరూ చదవదు. పక్కన ఆడియో కాప్చా ఉందేమో వెతకండి. లేకపోతే అది మీ స్క్రీన్ రీడర్ లోపం కాదు, ఆ సైటు లోపం. దాన్ని తయారు చేసినవారికి ఫిర్యాదు రాయండి.

తెలుగు చదవాలంటే

మనకు అసలైన పరీక్ష ఇక్కడే. ఇంగ్లీషు గొంతు పెట్టుకుని తెలుగు పేజీ తెరిస్తే చాలా గొంతులు తెలుగు అక్షరాలను పూర్తిగా వదిలేస్తాయి. పేజీ ఖాళీగా ఉందని మీరు అనుకుంటారు. ఎన్‌వీడీఏతోపాటే వచ్చే, అక్షరాలను మాటగా మార్చే ఈస్పీక్ సింథసైజర్‌లో తెలుగు ఉంది. యంత్రం మాట్లాడినట్టే ఉంటుంది, మొదట్లో చెవికి గరుకుగా తగులుతుంది. కానీ ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా పలుకుతుంది, ఎంత వేగం పెంచినా చెదరదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. తీపి గొంతు కోసం వెతుకుతూ నెలలు గడిపేకంటే దీన్ని ఓపికగా వినడం నయం, త్వరలోనే అలవాటవుతుంది.

రోజూ రెండు భాషల్లో పనిచేసేవారికి ఒక ఏర్పాటు చెబుతాను, ఇది ఎన్‌వీడీఏను ఎంచుకోవడానికి బలమైన కారణం కూడా. ఎన్‌వీడీఏ కీ+కంట్రోల్+పి నొక్కితే ప్రొఫైళ్ల కిటికీ వస్తుంది. ప్రొఫైల్ అంటే ఒక పేరుతో దాచుకునే అమరికల కట్ట. అక్కడ తెలుగు అనే పేరుతో, చేత్తో ఆన్ చేసుకునే రకం కొత్త ప్రొఫైల్ తయారు చేయండి. అది ఆన్‌లో ఉండగా ఎన్‌వీడీఏ కీ+కంట్రోల్+ఎస్ నొక్కి ఈస్పీక్‌ను, ఎన్‌వీడీఏ కీ+కంట్రోల్+వి నొక్కి తెలుగు గొంతును ఎంచుకోండి. తర్వాత ఆదేశాల కీలు మార్చుకునే ఇన్‌పుట్ జెశ్చర్స్ కిటికీలో ఆ ప్రొఫైల్‌కు మీకు నచ్చిన కీలు కేటాయించండి. ఇక ఆ కీలు నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే మీ మామూలు ఇంగ్లీషు గొంతు. వేగం కూడా రెండింటికీ వేరువేరుగా పెట్టుకోవచ్చు. తెలుగు పదాలు పొడవు కాబట్టి మొదట్లో కాస్త నెమ్మదిగా పెట్టుకోవడమే మేలు.

నారేటర్ విండోస్‌లో ఉన్న గొంతుల మీదే ఆధారపడుతుంది. మీ కంప్యూటర్‌లోని గొంతుల జాబితాలో తెలుగు లేకపోతే తెలుగు చదవడానికి ఎన్‌వీడీఏ దగ్గరకు రావాల్సిందే. జాస్ తీసుకునేవారు తెలుగు గొంతును ఆ 40 నిమిషాల్లోనే విని, ఒక తెలుగు వార్త మొత్తం చదివించి, ఆ తర్వాతే డబ్బు కట్టాలి.

స్క్రీన్ రీడర్ ఎంత మంచిదైనా చదవలేని తెలుగు ఒకటుంది. డీటీపీ సెంటర్లలో అను వంటి పాత ఫాంట్లతో తయారైన పత్రాలు కంటికి చక్కటి తెలుగులా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. స్క్రీన్ రీడర్ ఆ కలగాపులగాన్నే చదువుతుంది. అలాంటిది వినిపిస్తే స్క్రీన్ రీడర్ మార్చకండి, ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్ పద్ధతిలో ఉన్న ప్రతి పంపమని అడగండి. లేదా అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అందులో అక్షరాలే ఉండవు, బొమ్మలు మాత్రమే ఉంటాయి. దానికి ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. తెలుగు ఓసీఆర్‌కు టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

టైపింగ్ విషయంలో నేను తెలుగు అక్షరాలను నేరుగా కీలకు కేటాయించే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వైపే మొగ్గుతాను. ఇంగ్లీషు అక్షరాలతో రాసి తెలుగుగా మార్చే పద్ధతిలో తెర మీద వచ్చే సూచనల జాబితా వింటూ సరైన పదం ఎంచుకోవాల్సి వస్తుంది, చెవితో పనిచేసేవారికి అది అదనపు బరువు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక కీకి ఒక అక్షరం, అంతే. అమ్మ అని రాయాలంటే షిఫ్ట్+డి నొక్కితే అ, సి నొక్కితే మ, ఉత్త డి నొక్కితే పొల్లు, మళ్లీ సి నొక్కితే రెండో మ. నొక్కిన ప్రతి అక్షరమూ వినిపిస్తుంటే పొరపాటు జరిగిన చోటే దొరికిపోతుంది. విండోస్ సెట్టింగుల్లో తెలుగు భాష చేర్చుకుంటే ఈ కీబోర్డు వస్తుంది, విండోస్+స్పేస్‌తో భాష మారుతుంది.

ఓర్కా, వాయిస్‌ఓవర్

ఓర్కా లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌తో వస్తుంది, ఉచితం. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో సూపర్+ఆల్ట్+ఎస్ నొక్కితే మొదలవుతుంది, విండోస్ కీనే అక్కడ సూపర్ అంటారు. తెలుగుకు ఇక్కడా ఈస్పీకే దిక్కు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి, ఆదేశాలు టైపు చేసి పని చేయించే టెర్మినల్‌లో పనిచేసేవారికి ఇది మంచి తోడు. మామూలు ఆఫీసు పని నేర్చుకునేవారికి నేను సిఫార్సు చేయను. కారణం ఓర్కా కాదు. ఏదైనా చిక్కు వస్తే అడగడానికి దగ్గరలో మనిషి దొరకడం కష్టం.

వాయిస్‌ఓవర్ 2005 నుంచి మ్యాక్‌లో భాగంగానే ఉంది. కమాండ్+ఎఫ్5 నొక్కితే మాట్లాడుతుంది. ఇటీవలి వెర్షన్లలో గీత అనే తెలుగు గొంతు ఉంది, ఈస్పీక్ కంటే వినసొంపుగా ఉంటుంది. కానీ తిరిగే పద్ధతి వేరు. కంట్రోల్, ఆప్షన్ రెండూ పట్టుకుని బాణాలతో ఒక్కో అంశం మీదికి వెళ్లాలి, ఒక్కో పెట్టె లోపలికి దిగాలి, మళ్లీ పైకి రావాలి. విండోస్‌లో నేర్చుకున్న చేతి అలవాటు ఇక్కడ అంతగా అక్కరకు రాదు. ఐఫోన్ వాడి వాయిస్‌ఓవర్ అంటే ఇష్టపడి మ్యాక్ వైపు చూసేవారు ఈ సంగతి తెలుసుకుని నిర్ణయించుకోవాలి. మన దగ్గర పరీక్షా కేంద్రాలు, ఆఫీసులు ఎక్కువగా విండోస్ మీదే ఉన్నాయి.

కొనేముందు, పరీక్షకు ముందు

కొత్త కంప్యూటర్ కొనిపెట్టే కుటుంబసభ్యులకు ఒక మాట. తెర ఎంత పెద్దదన్నది పక్కన పెట్టి కీబోర్డు చూడండి. ఎఫ్, జె కీల మీద గుర్తుపట్టే గీతలు వేలికి బాగా తగలాలి. కుడివైపు అంకెల కీలుంటే చాలా మంచిది. ఎన్‌వీడీఏ డెస్క్‌టాప్ అమరికలో అక్కడి 8 నొక్కితే ప్రస్తుత వరుస, 5 నొక్కితే ప్రస్తుత పదం, 2 నొక్కితే ప్రస్తుత అక్షరం వినిపిస్తాయి. ఇన్సర్ట్ కీ ఉందో లేదో, ఎఫ్ వరుస కీలు నేరుగా పనిచేస్తాయో, ఎఫ్ఎన్ పట్టుకుంటేనే పనిచేస్తాయో దుకాణంలోనే నొక్కి చూడాలి. లాప్‌టాప్ కీబోర్డు ఇబ్బందిగా ఉంటే అంకెల కీలున్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోవచ్చు, దానికి పెద్ద ఖర్చు కాదు.

రెండు స్క్రీన్ రీడర్ల మధ్య తేల్చుకోలేకపోతే ఇంటర్నెట్‌లో గొంతుల నమూనాలు వింటూ కూర్చోకండి. మీ సొంత పని రెండింటితోనూ చేసి చూడండి. డెస్క్‌టాప్ మీది ఫైలును వెతికి పేరు మార్చడం, ఎక్సెల్‌లో ఒక మార్కుల పట్టికలో వరుస పేరూ నిలువు పేరూ తెలుసుకుంటూ తిరగడం, ఒక తెలుగు వార్త మొదటి నుంచి చివరి వరకు వినడం, ఒక ఫారం ఎవరి సాయం లేకుండా పంపడం. ఎక్కడ ఎక్కువసార్లు ఆగిపోయారో మీకే తెలుస్తుంది. మీ ఊళ్లో శిక్షణ ఇచ్చేవారు ఏది నేర్పుతారో అడగండి, అదీ ఎంపికలో భాగమే. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దృష్టి పునరావాస విభాగం ఉంది, చూపు కొత్తగా తగ్గినవారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి ఈ ఎంపిక మరింత ముఖ్యం. దివ్యాంగుల రాత పరీక్షల గురించి కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు బ్రెయిలీలో గానీ, కంప్యూటర్ మీద గానీ, పెద్ద అక్షరాల్లో గానీ పరీక్ష రాసే పద్ధతిని ఎంచుకునే వీలు కల్పించాయి. సొంత లాప్‌టాప్‌ను అనుమతించలేదు, కీబోర్డు వంటి సహాయక పరికరాలను అనుమతించాయి. కంప్యూటర్‌ను ఒకరోజు ముందుగా సరిచూసుకునే అవకాశం కూడా ఇచ్చాయి. ఆ తర్వాత నియమాలు మారి ఉండవచ్చు, ఇప్పటివి మీ నోటిఫికేషన్‌లో చూసుకోండి. మామూలుగా మీరు కూర్చునేది పరీక్షా కేంద్రం వారి కంప్యూటర్ ముందే. కాబట్టి నోటిఫికేషన్ రాగానే అక్కడ ఏ స్క్రీన్ రీడర్, ఏ వెర్షన్ ఉంటుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అక్కడ జాస్ ఉంటుందని తెలిస్తే, మీది ఎన్‌వీడీఏ అయినా ఆఖరి కొన్ని వారాలు ఆ 40 నిమిషాల జాస్‌తో నమూనా పరీక్షలు రాయండి. ముందురోజు అవకాశం దొరికితే వెళ్లినప్పుడు అమరిక డెస్క్‌టాప్‌దో లాప్‌టాప్‌దో, క్యాప్స్ లాక్ ఆదేశాల కీగా పెట్టి ఉందో లేదో, గొంతు వేగం మీకు తగినట్టుందో, ప్రశ్నపత్రం తెలుగులో అయితే తెలుగు గొంతు ఉందో లేదో, హెడ్‌ఫోన్ రెండు చెవులకూ వినిపిస్తోందో అన్నీ చూసుకుని, తేడా ఉంటే అప్పటికప్పుడు సరిచేయించుకోండి.